ఏడో తెప్పలో ఖాళీ గిన్నె

ఒకటో రోజు

ఈ ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు సముద్రం మీద తేలే మా ఏడో తెప్ప మీద చరిత్ర మొదలైంది. నలభై ఒక్క ఇళ్ళలోనూ పొయ్యిలకు వాసన పట్టే ముక్కులు బిగించారు. ఇకనుంచి ఏ ఇంట్లో వండిన పదార్థం చెంచాడు మిగిలి ఉన్నా ఆ ఇంటి పొయ్యి వెలగదు. ముందు ఉన్నది తినాలి, ఆ తర్వాతే కొత్తది వండుకోవాలి. తన మీద వండినదైతే పొయ్యి ఒక పూట వరకు కొత్తదిగానే చూస్తుంది. బయటి నుంచి వచ్చింది ఏదైనా దాని దృష్టిలో మిగులే. తినకుండా నీళ్ళలో పారేస్తే తెప్ప అంచున సైరన్ మోగుతుంది. పన్నెండు రోజులు సైరన్ మోగకపోతే తెప్పల సమాఖ్య మాకు ఆకుపచ్చ జెండా ఇస్తుంది.

ఊరగాయలకు మినహాయింపు ఇచ్చారు. ఇవ్వకపోతే తీర్మానం నెగ్గేది కాదు.

ఆ తీర్మానం పెట్టింది నేనే. పందొమ్మిదేళ్ళవాడికి తీర్మానాలేమిటని నవ్వినవాళ్ళకు నా జవాబు ఒకటే. 'కంచంలో న్యాయం' కరపత్రాలు పదహారూ నేను చదివాను, తడిసిపోయిన నాలుగోది తప్ప. పొలాన్ని బొమ్మల్లో తప్ప చూడని తరం మాది. తోటకూర కట్ట కావాలంటే కూరలు పెంచే తొట్టెల దగ్గర వారానికోసారి వంతు వస్తుంది. అలాంటి చోట కూర పారబోయడం దుబారా కాదు, ద్రోహం!

ప్రతి ఇంటికీ సంఘం ఒక తిండి పుస్తకం ఇచ్చింది. మా ఇంటి లేఖరిని నేను, యాళ్ళ తాతారావుని. మా అమ్మ వీరవేణి ఉప్పునీళ్ళను మంచినీళ్ళుగా మార్చే మరల దగ్గర పొద్దుటి షిఫ్టు చేస్తుంది. మా నాన్న సూరిబాబు లాగుడు పడవలో ఇంజను మేస్త్రీ. ఆయన ఏ పూట ఇంటికొస్తాడో ఆ పడవకే తెలియాలి. నేను తొట్టెలకు నీళ్ళు పెట్టే గొట్టాల పనిలో ఉన్నాను. మేం ముగ్గురం ఒకేసారి కంచాల ముందు కూర్చుని ఐదు నెలలైంది. అంటే మా అక్క నూకరత్నం నడిసముద్రంలో చమురు తోడే రిగ్గు మీద పనికి వెళ్ళిన రోజు నుంచి.

అక్క సరిగ్గా పన్నెండో రోజున వస్తోంది. పొద్దున పడవకి దిగి మధ్యాహ్నం పడవకి మళ్ళీ వెళ్ళిపోతుంది, ఈసారి ఎనిమిది నెలలకి. కబురులో ఒకటే అడిగింది. "అమ్మా, రిగ్గు మీద మాకు గొట్టంలోంచి పిండుకునే ముద్ద పెడతారు. ఆవిరి వచ్చే పదార్థం చూసి ఐదు నెలలైంది. వేడన్నంలో అప్పుడే పోపు పెట్టిన తోటకూర పప్పు వేసిపెట్టు. పొయ్యి పక్కనే కూర్చుని తింటాను. ఇంకేమీ వద్దు."

అమ్మ ఆ కబురు నాలుగుసార్లు చదివించుకుంది. పన్నెండో రోజుకి తోటకూర వంతు మార్పించుకుని వచ్చింది.

మిగులు: లేదు.

రెండో రోజు

నిన్న రాత్రి భోజనానికి నాన్న రాలేదు. ఆయన వాటా దొండకాయ వేపుడు వంటగట్టు మీద ఉండిపోయింది. పొద్దున్నే అమ్మ పొయ్యి మీట తిప్పింది. పాత రేడియోలో వార్తలు చదివే ఆవిడ గొంతుతో పొయ్యి మాట్లాడింది.

"క్షమించాలి. గట్టు మీద నిన్నటి దొండకాయ వేపుడు ఉన్నది. దయచేసి భుజించి మరల ప్రయత్నించండి."

"భుజించడానికి నాకు తీరికేదే తల్లీ! ఇరవై నిమిషాల్లో మర దగ్గరుండాలి" అంది అమ్మ పొయ్యితో. తర్వాత నాకేసి చూసింది. "నువ్వు తినెయ్యరా."

నేను అప్పటికే ఆలస్యమయ్యాను. అసలు పొద్దున్నే దొండకాయ తినమని ఏ కరపత్రంలోనూ లేదు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి వేపుడుని స్టీలు గిన్నెలోకి ఒంపి, మూతపెట్టి, పక్కింటి బేబమ్మ అత్తకి ఇచ్చి వచ్చింది. పొయ్యి "ధన్యవాదములు" అని వెలిగింది.

నాకు ఒళ్ళు పులకరించింది. ఇంటి గోడలు దాటి తిండి ఒకరి నుంచి ఒకరికి ప్రవహించాలని పదకొండో కరపత్రం చెప్పింది ఇదే కదా!

మూడో రోజు

గిన్నె తిరిగి వచ్చింది. అందులో కందబచ్చలి కూర ఉంది.

"ఇదేమిటమ్మా?"

"మన గిన్నె. బేబమ్మొదిన పంపింది."

"గిన్నె సరే. అందులో కంద ఎందుకుంది?"

"మరి ఖాళీ గిన్నె పంపుతారట్రా ఎవరైనా? ఆవిడేమన్నా తెలియని మనిషా?"

పొయ్యి కందబచ్చలి గురించి క్షమాపణ చెప్పింది. నాన్న అప్పుడే పడవ దిగి వచ్చి చొక్కా కూడా విప్పకుండా కూర్చున్నాడు. ఆయనకి కంద తింటే గొంతు దురద. అమ్మకి షిఫ్టు టైము అయిపోతోంది. కూర అదే గిన్నెలో అటువైపు ఇంటికి వెళ్ళిపోయింది. తినడానికి పావుగంట పడుతుంది, పంపడానికి అర నిమిషం చాలు. ఈ లెక్క నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

ఐదో రోజు

తెప్ప మీద నడవడానికి దారి లేదు. ఎవరి చేతిలో చూసినా గిన్నే. ఆడవాళ్ళు షిఫ్టుకి పరిగెడుతూ దారిలో ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకుంటున్నారు. మగవాళ్ళు టిఫిను డబ్బాలు చంకలో పెట్టుకుని ఏ తలుపు తట్టాలా అని దిక్కులు చూస్తున్నారు. గిన్నె రాగానే ఇంకో ఇంటికి పంపితే, మరో గిన్నె వచ్చేలోపు ఓ పావుగంట పొయ్యి వెలుగుతుంది. ఆ పావుగంటలోనే ఏదో ఒకటి వండాలి, ఎందుకంటే వచ్చిన గిన్నెల్లో వేసి పంపడానికి ఏదో ఒకటి ఉండాలి. అలా మళ్ళీ మిగులుతుంది.

మన గిన్నెల మీద పేర్లు చెక్కించడం తాతల కాలం నుంచీ ఉంది కాబట్టి సరిపోయింది. నేను ఓ పూట పని మానేసి పరిశోధన చేశాను. మా దొండకాయ వేపుడు ఇరవై రెండో నంబరు ఇంట్లో 'చి. ల. సౌ. సీతారత్నం' అని చెక్కిన గిన్నెలో కనబడింది. మా గిన్నె మాత్రం ఎనిమిదో నంబరులో ఉంది, సేమ్యా ఉప్మాతో.

"ఈ వేపుడు మీరు తిన్నారా?" అని ఇరవై రెండో ఇంటావిణ్ణి నిలదీశాను.

"పొద్దున్నే వచ్చింది బాబూ. ఇదిగో, పంపించేత్తన్నాను."

"అంటే ఎవరూ తినడం లేదా?"

"తినడానికి ఇదేమన్నా మా ఇంట్లో వండిందా? ఎవరింటిదో ఏంటో!"

సాయంత్రం తెప్ప అధ్యక్షుడు అబ్బులు మావయ్య మైకు పట్టుకున్నాడు. నూట పది కేజీల మనిషి, అరుగెక్కితే తెప్ప కాస్త ఆ పక్కకి ఒరుగుతుంది. "ఐదు రోజుల్లో ఒక్క మెతుకు కూడా నీళ్ళలో పడలేదండి! రెండో తెప్పవాళ్ళు కుళ్ళుకుంటన్నారండి! ఇదంతా మన తాతారావు సలవేనండి!" అందరూ చప్పట్లు కొట్టారు, గిన్నెలు కింద పెట్టి.

ఇంటికి వచ్చేసరికి నాన్న మరమరాలు నములుతున్నాడు. వండిన వస్తువు కాదు కాబట్టి పొయ్యి వాటిని పట్టించుకోదు.

"మూడు రోజులుగా ఇదే తింటన్నాను. మరమరాలు ఎన్నిసార్లు నమిలి మింగాలో నీ కరపత్రంలో రాశార్రా?" అన్నాడు.

విమర్శకి ఆస్కారం ఇచ్చింది సిద్ధాంతం కాదు. మొహమాటం! ఈ తెప్పని కట్టిన తాళ్ళకంటే మొహమాటం గట్టిది.

ఆరో రోజు

సర్వసభ్య సమావేశంలో 'ఖాళీ గిన్నె తీర్మానం' ప్రవేశపెట్టాను. ఎవరైనా ఏదైనా పంపితే తినాలి, గిన్నె కడగాలి, ఖాళీగా తిప్పి పంపాలి. నలభై నిమిషాలు మాట్లాడాను. గొంతు పోయింది.

అనుకూలంగా ఒక ఓటు వచ్చింది. అది నాది. అమ్మ తలవంచుకుని చీర అంచు చూసుకుంటూ కూర్చుంది.

"ఏవండీ, కుర్రాడు ఆవేశంలో అన్నాడండి, మనసులో ఎట్టుకోకండి" అని అబ్బులు మావయ్య అందరికీ సర్దిచెప్పాడు.

ఏడో రోజు

విప్లవానికి ఓట్లు అక్కర్లేదు. బేబమ్మ అత్త పంపిన అరటికాయ కూర నేనే తిన్నాను. ఆవిడ గిన్నె తోమాను, తుడిచాను, ఎత్తి పట్టుకుని వెళ్ళి చేతిలో పెట్టాను.

ఆవిడ మూత తీసి చూసింది. మళ్ళీ మూత పెట్టి, మళ్ళీ తీసింది.

"మీ అమ్మకి నా మీద కోపమొచ్చిందేంట్రా? నిజం చెప్పు."

"లేదత్తా. ఇది విప్లవం."

"విప్లవమైతే మాత్రం! ఓ బెల్లంముక్కయినా ఏసి తేవొచ్చుగా!"

అని ఏడవడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళ పొరుగు అంది. నేను పుట్టినప్పుడు పురుడు పోసింది తనేనంది. ఆ మాట నిజమే గాని దానికీ వ్యర్థాల నివారణకీ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నానికల్లా వీరవేణి ఇంటినుంచి ఖాళీ గిన్నె వెళ్ళిందని తెప్పంతా తెలిసిపోయింది. అలా చేశారంటే ఇంట్లో ఎవరికో ప్రాణం మీదకి వచ్చి ఉంటుందని తెప్ప తేల్చుకుంది. పరామర్శకి ఒక్కొక్కరే రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో వస్తారా? సాయంత్రానికి మా గట్టు మీద తొమ్మిది గిన్నెలు చేరాయి. అమ్మ షిఫ్టునుంచి వచ్చి, సంగతి విని, ఉన్న గిన్నెల్లో బాగున్న పాయసం ఏరి పట్టుకుని బేబమ్మ అత్త కాళ్ళావేళ్ళా పడటానికి వెళ్ళింది. రెండు గిన్నెలతో తిరిగి వచ్చింది.

పెట్టెలోంచి పెసరపప్పు తీసి, చేట మీద పోసి, ఒక్కో గింజా ఏరుతూ కూర్చుంది. అక్క వచ్చే రోజు కోసం అది మూడోసారి ఏరడం.

ఎనిమిదో రోజు

పద్నాలుగు గిన్నెలయ్యాయి. పొయ్యి మీట తిప్పితే పొయ్యి జాబితా చదవడానికే రెండు నిమిషాలు పడుతోంది. "క్షమించాలి. మీ గృహమునందు ఆనపకాయ పాలుపోసిన కూర, కాకరకాయ పులుసు, చింతకాయ పప్పు, సేమ్యా ఉప్మా, సేమ్యా ఉప్మా, సేమ్యా ఉప్మా..."

"ఆపవే!" అని నాన్న అరిచాడు. పొయ్యి ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

పంపేద్దామంటే తలుపు తీసేవాళ్ళు లేరు. అన్ని గట్లూ నిండిపోయాయి. కొందరు గిన్నె పుచ్చుకోవాల్సి వస్తుందని ఇంట్లో ఉండి కూడా ఊపిరి బిగపట్టి కూర్చుంటున్నారు. అక్క రావడానికి ఇంక నాలుగు రోజులే ఉంది.

నేను నిశ్చయించుకున్నాను. తప్పు నా సిద్ధాంతంలో లేదు, ఆచరించేవాడు లేకపోవడంలో ఉంది. అన్నీ నేనే తింటాను. ఒక్కణ్ణే. ఇప్పుడే మొదలు.

తొమ్మిదో రోజు

పదకొండు గిన్నెలు తిన్నాను. ఈ వాక్యం పడుకుని రాస్తున్నాను.

పదో రోజు

వైద్యుడు వచ్చి నా పొట్ట మీద వేలితో కొట్టి విన్నాడు. డప్పులా మోగుతోందన్నాడు. రెండు పూటలు మెత్తటి వేడి జావ తప్ప ఇంకేమీ ఇవ్వొద్దని చెప్పాడు. జావ కాయడానికి పొయ్యి వెలగలేదు. నేను తినలేక మిగిల్చినవి మూడు, నాకు బాగాలేదని తెలిసి తెచ్చినవి మూడు, మొత్తం ఆరు గిన్నెలు ఉన్నాయి మరి. కొత్తవాటిలో ఒకటి, పిల్లాడు నీరసపడ్డాడని బేబమ్మ అత్త పంపిన కజ్జికాయలు. ఆవిడ మనసు వెన్న.

కిటికీలోంచి అబ్బులు మావయ్య జెండా కర్రకి రంగు వేయించడం కనబడుతోంది. సైరన్ ఒక్కసారి కూడా మోగలేదు. సమాఖ్య లెక్కల్లో మేము మొదటి స్థానంలో ఉన్నాం. తెప్ప మీద మొత్తం రెండు వందల పద్నాలుగు గిన్నెలు తిరుగుతున్నాయి. మరమరాలు మాత్రం దొరకడం లేదు.

మధ్యాహ్నం అమ్మ నా మంచం అంచున కూర్చుంది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"ఒరేయ్, నీ జెండా నువ్వు ఎగరేసుకో. నేను కాదనను. నాకు ఎల్లుండి పొద్దున పొయ్యి రెండు మంటలూ ముప్పావుగంట కావాలి. అన్నానికి ఒకటి, పప్పుకి ఒకటి. అది చూసిపెట్టు చాలు" అంది.

"చూస్తానమ్మా" అన్నాను. అంతకుముందు నేను చాలా ప్రతిజ్ఞలు చేశాను. అన్నీ నిలబడి, పిడికిలి ఎత్తి చేసినవే. పడుకుని చేసింది ఇదొక్కటే.

పదకొండో రోజు

గోడ పట్టుకుని లేచి నలభై ఇళ్ళూ తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట. "మా అక్క రేపు వస్తోంది. ఐదు నెలల తర్వాత ఒక్క పూట. రేపు మధ్యాహ్నం వరకు దయచేసి మా ఇంటికి ఏమీ పంపొద్దు."

ఎవరూ కాదనలేదు. "అయ్యో, రత్నం వస్తోందా! చిన్నప్పుడు మా ఇంట్లోనే తిరిగేది", "ఎంత మాట బాబూ, అలాగే" అన్నారు. కొందరి కళ్ళు చెమర్చాయి. అబ్బులు మావయ్య జెండా కర్ర పక్కనే నిలబడి నా రెండు చేతులూ పట్టుకుని, "మాటిత్తన్నాను అల్లుడూ, చెంచాడు కూడా పంపను" అన్నాడు.

అయితే గుమ్మంలోకి వచ్చిన మనిషిని, అందులోనూ జబ్బు పడి లేచినవాణ్ణి, ఒట్టి చేతులతో పంపరు. రేపు పంపొద్దన్నాను గాని ఈరోజు ఇవ్వొద్దని అనలేదు కదా. నేను వద్దన్నకొద్దీ చంకలో పెట్టారు. ఇల్లు చేరేసరికి నా దగ్గర పదిహేడు గిన్నెలు ఉన్నాయి. ఇంట్లో ఉన్నవాటితో కలిపి ఇరవై మూడు.

అమ్మ వాటిని లెక్కపెట్టి గోడకి తిరిగి పడుకుంది.

మిగులు: రాయడానికి ఈ పేజీ చాలదు.

పన్నెండో రోజు

పొద్దున ఎనిమిదిన్నరకి రేవుకి వెళ్ళాను. రిగ్గు పడవ దిగినవాళ్ళలో అక్కని వెంటనే గుర్తుపట్టలేదు. చిక్కిపోయింది, మొహం ఉప్పుగాలికి నల్లబడింది. నన్ను చూసి "ఏరా, పొట్టేంటి అలా పెరిగింది?" అంది.

ఆమె వెనక రిగ్గు మనుషులు తొమ్మిదిమంది ఉన్నారు. పై తెప్పలకి వెళ్ళే పడవ పదకొండుకి గాని లేదు కాబట్టి రేవులోనే కూర్చోబోతున్నారు. వాళ్ళలో ఒకాయన గొట్టం మూత తిప్పి ముద్ద నోట్లో పిండుకుంటూ కళ్ళు మూసుకున్నాడు. నాకు బుర్రలో దీపం వెలిగింది. పదహారు కరపత్రాల్లో ఎక్కడా లేని ఆలోచన అది.

"అయ్యా, నిన్నటి కూర తింటారా?" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచాడు. "కూరా?"

"కాకరకాయ పులుసు, చింతకాయ పప్పు, కజ్జికాయలు. సేమ్యా ఉప్మా చాలా ఉంది. అన్నీ చల్లారిపోయినవే."

"ముక్కలుంటాయా? పళ్ళకి తగులుతాయా?" అన్నాడు వెనకనుంచి ఇంకొకడు.

తొమ్మిదిమందీ పరిగెత్తారు. దారి తెలియకపోయినా పరిగెత్తారు. మా ఇంటి ముందు తెప్ప బల్లల మీద వరసగా కూర్చోబెట్టి గిన్నెలన్నీ తెచ్చి పెట్టాను. ఇరవై ఐదు నిమిషాల్లో ఇరవై మూడు గిన్నెలు! గిన్నెల అంచుల్ని కూడా వేళ్ళతో తుడిచారు. ఒకాయన సేమ్యా ఉప్మా తింటూ నిశ్శబ్దంగా ఏడ్చాడు. ఆ ఉప్మా ఎవరిదో గాని వారం రోజుల్లో అన్ని ఇళ్ళూ తిరిగింది. అది ఇలా గౌరవం పొందడం చూసి నాకే కడుపు నిండిపోయింది.

అక్క ఒక్కటీ ముట్టుకోలేదు. "నేను పప్పుకోసమే కడుపు ఖాళీ ఉంచుకొచ్చాను" అని పొయ్యి పక్కన పీట వేసుకుని మోకాళ్ళు దగ్గరకి తీసుకుని కూర్చుంది. నాన్న కూడా పడవకి సెలవు చెప్పి వచ్చాడు. అమ్మ మీట తిప్పింది. "ధన్యవాదములు" అంది పొయ్యి. రెండు బర్నర్లూ వెలిగాయి.

అన్నం ఉడికింది. తోటకూర పప్పు ఉడికింది. అన్నం దింపి అమ్మ ఆ మంట మీద పోపు గరిటె పెట్టింది. నూనె కాగింది. ఆవాలు వేసింది. ఆవాలు చిటపటమనడం మొదలైంది. అక్క ముందుకు వంగి ఆ వాసనని గుండెల నిండా పీల్చుకుంది.

పొయ్యి ఆరిపోయింది.

"క్షమించాలి. మీ గృహమునందు చేమదుంపల పులుసు ఉన్నది."

వెనక్కి తిరిగి చూశాం. గుమ్మంలో అబ్బులు మావయ్య నిలబడ్డాడు. తెల్ల చొక్కా, జెండా ఎగరేసే రోజని మెడలో కండువా. రెండు చేతుల్లో పట్టుకున్నది గిన్నె అనడం తప్పు, అది గంగాళం.

"అమ్మాయి వచ్చిందని తెలిసిందండి, చూసిపోదామని..."

"మావయ్యా!" నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "పంపొద్దన్నాను కదా! మాటిచ్చావు కదా!"

"పంపలేదు కదరా! నేనే తెచ్చాను."

"తీసుకెళ్ళిపో! ఇప్పుడే! గుమ్మం దాటి అవతలికి!"

"అమ్మాయి కోసం తెచ్చింది వెనక్కి పట్టుకుపోవడమా?" ఆయన మొహం కందిపోయింది. "అంతకన్నా నన్ను నీళ్ళలోకి తోసెయ్యరా!"

అవతల రేవులో మొదటి కూత వినబడింది. సముద్రంలో తుఫాను వస్తోందని రిగ్గు పడవని ముందుకు జరిపారని ఎవరో అరిచారు. ఇంకో ఇరవై నిమిషాలే! నాన్న గంగాళంలోకి తొంగిచూసి "ఇది నలుగురూ తినాలంటే సాయంత్రం అవుతుంది" అన్నాడు. రిగ్గు మనుషులు బల్లల మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. వాళ్ళలో ఒకాయన తలెత్తి గంగాళాన్ని చూసి, రెండు చేతులూ జోడించి, మళ్ళీ పడుకున్నాడు.

పోపు గరిటెలో నూనె చల్లారుతోంది. ఆవాలు సగమే చిట్లాయి. అమ్మ ఎండుమిరపకాయ ముక్కలు గుప్పిట్లో పట్టుకుని ఆరిపోయిన బర్నరుని చూస్తూ ఉంది. అక్క అంది, "పరవాలేదమ్మా, పోపు లేకుండానే వేసెయ్. వేడిగానే ఉందిగా." చిన్నపిల్లని సముదాయించినట్టు అంది. అమ్మకంటే ఎక్కువగా తనకి తాను చెప్పుకున్నట్టు అంది.

నేను లెక్క వేశాను. అబ్బులు మావయ్య నూట పది కేజీలు. గంగాళం పులుసుతో కలిపి ఎనిమిది కేజీలు.

ఆయన చేతుల్లోంచి గంగాళం లాక్కుని, తెప్ప అంచుకి మూడంగల్లో వెళ్ళి, సముద్రంలోకి విసిరేశాను.

నీళ్ళు నల్లబడ్డాయి. ఒక్క చేమదుంప తేలి, గుండ్రంగా తిరిగి, మునిగింది. గంగాళం కూడా మునిగింది. తర్వాత సైరన్ మోగింది. పన్నెండు రోజుల్లో మొదటిసారి కాబట్టి పూర్తి బలంతో మోగింది. నలభై ఇళ్ళ తలుపులూ తెరుచుకున్నాయి. ప్రతి గుమ్మంలోనూ గిన్నె పట్టుకుని ఒక మనిషి.

అబ్బులు మావయ్య నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. జెండా గురించి ఆయన ఏమంటాడో అని నేను పిడికిళ్ళు బిగించి సిద్ధంగా ఉన్నాను.

"మా ఆవిడ పేరుందిరా దాని మీద" అన్నాడు. "పెళ్ళికి చెక్కించింది."

లోపల "ధన్యవాదములు" అని వినబడింది. ఆ వెంటనే ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, వెల్లుల్లి, ఇంగువ. పప్పులో పోపు పడిన చప్పుడు సైరన్ని కూడా దాటి వినబడింది. పోపు గరిటె పప్పులో ముంచి తిప్పింది అమ్మ.

అక్క పొయ్యి పక్కనే కూర్చుని తింది. ముద్ద ముద్దకీ ఊదుకుంటూ, వేళ్ళు కాలినా ఆగకుండా, పొగ మొహానికి తగిలేలా కంచం మీదకి వంగి తింది. బయట సైరన్ మోగుతూనే ఉంది. మాట్లాడుకోవాలంటే అరవాలి.

"ఎలా ఉందే?" అని అమ్మ అరిచింది.

"ఉప్పు తక్కువైంది!" అని అక్క అరిచింది. అమ్మ నవ్వింది.

"ఏంటి అన్నయ్యగారూ, నిలబడిపోయారు? కూచోండి, మీకూ ఎట్టేత్తాను!" అని అమ్మ గుమ్మంకేసి అరిచింది. అబ్బులు మావయ్య కండువా తీసి ఒళ్ళో వేసుకుని నాన్న పక్కన కూర్చున్నాడు. నాకేసి చూడలేదు. రెండు గరిటెలు వేయించుకున్నాడు. మూడోది కూడా వేయించుకుంటూ, "నీకు ఈ పుస్తకం రాసే పని రేపట్నుంచి ఉండదు, తెలుసా?" అన్నాడు.

"తెలుసు మావయ్యా."

"తెలిస్తే సరే. ఆ ఊరగాయ ఇలా ఇయ్యి."

రెండో కూతకి అక్క లేచింది. చెయ్యి కడుక్కోలేదు. వాసన పోతుందని అలాగే పిడికిలి మూసుకుని పడవెక్కింది.

ఈ పేజీ సంఘం వాళ్ళు అడిగితే నేనే తీసుకెళ్ళి ఇస్తాను. దిద్దుబాట్లు ఏమీ చెయ్యను.

వృథా: ఒక గంగాళం చేమదుంపల పులుసు, గంగాళంతో సహా. పారేసినవాడు: ఈ ఇంటి లేఖరి. కారణం: పోపు.

మిగులు: అడుగంటిన పప్పు అక్క గీకి తినేసింది. ఏమీ లేదు.